అత్తగారి శాలువ, ఐదు రంగుల లెక్క

గతమాసమున పసిపిల్లల మేజోళ్ళనుగూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసమున పెద్దశాలువనుగూర్చి వ్రాయ సంకల్పించితిమి. ఇందు మా పొరపాటును చెప్పక తప్పదు. ఏలయన ఆ పొరపాటే శాలువకు రూపము నిచ్చినది.

మావారికి రెండేండ్లక్రిందట చింతపల్లి మన్యమునందలి పాఠశాలకు బదిలీ యయ్యెను. లంబసింగి మాకు చేరువ. ధనుర్మాసమున అచ్చటి చలి యెట్టిదో వార్తాపత్రికలలో మీరు చదువుచునే యుందురు. మా అత్తగారు గోదావరి లంకలలో పుట్టి పెరిగినవారు. రెండు దుప్పట్లు కప్పుకొనియు వణకుచుండిరి. మామగారు గతించిన పండ్రెండేండ్లుగా వారు బూడిదరంగు చీరలు దక్క వేఱొండు కట్టి యెఱుగరు. రంగుల ఊలుతో శాలువ యల్లెదమనగా, "నాకు రంగులెందుకమ్మా, ఎవరు చూడాలి?" అనిరి. వలదని మాత్రము చెప్పలేదు. ఆ మాత్రపు సందు చాలునని పూనుకొంటిమి.

మేమెన్నుకొన్న నమూనా ముక్కోణపు శాలువ. మెడకడ కొలదికుట్లతో మొదలిడి, రెండు వరుసల కొకమారు నాలుగేసి కుట్లు పెంచుచు పోవలెను: ఇరుప్రక్కల నొక్కొక్కటి, నడువెన్ను కిరువంకల నొక్కొక్కటి. ఆద్యంతము నిట్ కుట్టే గనుక అంచులు చుట్టుకొనవు. రెండు వరుసలు కలిసి యొక గట్టువలె లేచును. వరుసలకంటె గట్లను లెక్కించుటయే సుకరము. నూఱు గట్లకు సూదిపై నాలుగువందల కుట్లకు పైబడును. పొడుగుసూదులపై నివి పట్టవు. రెండు సూదులను తీగతో కలిపిన గుండ్రని సూదినే కొనుడు.

నమూనాలో ఐదు రంగులును సన్నని చారలుగా కలసియున్నవి. అంతటి కలగాపులగమును అత్తగారు కప్పుకొనరని తలచి, ఇరువదేసి గట్ల వంతున ఐదు పట్టెలుగా మార్చితిమి. మెడకడ ఎఱుపు, పిదప పసుపు, చిలుకపచ్చ, నీలము, అంచున బూడిద. మా ఉపాయము మీకు తెలిసియే యుండును. ఎఱుపు మెడవెనుక ముడుతలో నడగియుండును. నలుగురికి కనబడునది బూడిదయే. రంగునకు నూఱేసి గ్రాముల వంతున ఐదువందల గ్రాముల ఊలు తెప్పించితిమి.

ఎఱుపుపట్టె ముగియుసరికి ఉండలో ఎనుబది గ్రాములు మిగిలెను. పొదుపుగా నల్లుచున్నామని మురిసితిమి! పసుపులో నలుబది మిగిలెను. పచ్చ సరిగా సరిపోయెను. నీలము డెబ్బదియైదవ గట్టుకడనే తీరిపోయెను. మా తండ్రిగారు మాచేత మనుచరిత్రమును వసుచరిత్రమును చదివించిరిగాని పావులూరి మల్లన గణితమును చదివింపలేదు. మావారు పలకపై ముక్కోణము గీచి, ఐదు పట్టెలుగా విభజించి చూపిరి. మొదటి పట్టె కొకపాలు ఊలు పట్టినచో రెండవదానికి మూడుపాళ్ళు, మూడవదానికి ఐదు, నాలుగవదానికి ఏడు, తుదిదానికి తొమ్మిది. అన్నియు కలిసి యిరువదియైదు. మా ఐదువందల గ్రాములలో నివి వరుసగా ఇరువది, అరువది, నూఱు, నూటనలుబది, నూటయెనుబది గ్రాములు. సోదరీమణులు దీనిని కంఠస్థము చేసికొందురుగాక. సగము ఊలు తీరునప్పటికే ముక్కోణము లోతులో డెబ్బదియొకటవ గట్టునకు వచ్చియుందుము. దానిని చూచి "ఇక కొంచెమేగదా" యనుకొనరాదు.

బూడిద ఊలు మరల తెప్పింపనెంచితిమిగాని అదే అద్దకపు సంఖ్య గలది దొరకలేదు. ఒకే పేరు గల రంగైనను వేఱొకసారి అద్దినది తేడాగా నుండును. పట్టె నడుమ ఆ గీత దాగదు. కొనునపుడే చీటీలపై సంఖ్యలు సరిచూచుకొనవలెను.

బూడిదకు కొఱతయైనవి ఎనుబది గ్రాములు. మిగిలినది ఎనుబది గ్రాముల ఎఱుపు. లెక్క సరిపోయినది, మా గుండె సరిపోలేదు. కుంకుమ మానిన పెద్దావిడ శాలువయంచున ఎఱుపు పెట్టుటెట్లు? పచ్చపట్టె ముగింపుతో శాలువను చిన్నదిగా ముగింతమా యని రెండు దినములు సూదులు మూలబెట్టితిమి.

ఊలు ఉండలు చుట్టిపెట్టుచు కూర్చున్న అత్తగారే అడిగిరి: "ఎందుకాగిపోయావమ్మాయీ?" చెప్పితిమి. వారు ఎఱుపుండ నొకసారి అరచేతిలో త్రిప్పి, "మెడకాడ దాచావుగా, నాకు తెలియదనుకున్నావా? అంచున వెయ్యి. చిన్నప్పుడు నాకు ఎరుపంటేనే ఇష్టం" అనిరి. పదునెనిమిదేండ్ల కాపురములో ఈ మాట మాకు తెలియదు.

నీలపు పట్టెను మొదటివఱకు విప్పి, నడుమ పసుపు చారలతో మరల నల్లితిమి. అంచుపట్టెలో ఐదుగట్లు బూడిద, నాలుగుగట్లు ఎఱుపు, మరల ఐదు, మరల నాలుగు. రంగును శాలువ ముఖభాగపు వరుసపైననే మార్చవలెను. వెనుకవైపున మార్చినచో రెండురంగుల చుక్కలు ముందునకు పొడసూపును. తొంబదియెనిమిదవ గట్టుకడ ఆపి, మిగిలిన బూడిదతో కుట్లను వదులుగా ముగించితిమి. బిగించినచో అంచు సాగక శాలువ ముడుచుకొనును.

ఎఱుపునుగూర్చి యొక హెచ్చరిక. అల్లుటకుముందే పోగు తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడుడు. రంగు దిగినచో బూడిదప్రక్కన పెట్టవలదు. మాది దిగలేదు. పూర్తియైన శాలువను కుంకుడురసము కలిపిన చల్లనినీట నానబెట్టి, పులుమక, పిండక, తువాలులో చుట్టి నొక్కి, పఱుపుపై పఱచి అంచులకు గుండుసూదులు గ్రుచ్చి నీడన ఆరబెట్టితిమి. అప్పుడు అది జానెడు పెరిగెను. వేడినీరు తగిలి పులిమినచో ఊలు దట్టమై కుదించుకొనును. అది మరల సాగదు.

మొదటిదినమున అత్తగారు ఎఱ్ఱని అంచును లోనికి మడచి కప్పుకొనిరి. మేమేమియు ననలేదు. నాలుగవనాడు ప్రక్కయింటి పంతులమ్మగారు వచ్చి, ఎవరల్లిరని యడుగగా, వారు మడత విప్పి మోకాళ్ళపై పఱచి, గట్లు వ్రేలితో లెక్కపెట్టి చూపుచుండిరి.