అత్త మీద కోపం దుత్త మీద

"జర్మన్ విలేజ్‌లో ఇల్లు కొంటే అంతే సంగతులు. గోడకు మేకు కొట్టాలన్నా అసోసియేషన్ వాళ్ల కాళ్లు పట్టుకోవాలి." ఒహాయోలోని కొలంబస్‌లో తెలుగువాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఈ మాట వింటున్నాను. మొన్న ఒక గృహప్రవేశంలో ఓ పెద్దాయన కొత్త జంటకు ఇదే చెప్పి, వాళ్లు మనసుపడ్డ ఇంటిని మానిపించారు. వాళ్ల మంచి కోరే చెప్పారు. కానీ చెప్పింది తప్పు. తొమ్మిదేళ్లుగా ఆ పేటలో ఉంటున్నదాన్ని, విని ఊరుకోలేను.

ఆయనకు తెలిసింది శివార్లలోని కొత్త కాలనీల పద్ధతి. అక్కడ ఇల్లు కొన్న రోజే అసోసియేషన్‌లో సభ్యులమైపోతాం. చందా ఎగ్గొడితే ఆ బాకీ ఇంటి మీద పడుతుంది. పెద్దాయన అసోసియేషన్ అన్న జర్మన్ విలేజ్ సొసైటీ అలాంటిది కాదు. ఇష్టముంటే చేరతాం, లేకపోతే లేదు. అనుమతులిచ్చేది నగరపాలన కింద పనిచేసే కమిషన్, సొసైటీ కాదు. ఆ కమిషన్ అయినా చూసేది ఇంటి బయటి రూపమే. లోపల ఎన్ని మేకులు కొట్టుకున్నా, పూజగది ఎక్కడ పెట్టుకున్నా అడిగే నాథుడు లేడు. 1974లో పేట జాతీయ చారిత్రక జాబితాకెక్కింది కాబట్టే ఈ కట్టుబాట్లన్నీ అనేవాళ్లూ ఉన్నారు. అదీ నిజం కాదు. సొంత డబ్బుతో ఇల్లు బాగుచేసుకునేవారిని ఆ జాబితా ఒక్కటే ఏమీ ఆపదు.

నేనూ ఒకప్పుడు సొసైటీని తిట్టినదాన్నే. మా ముందుగది కిటికీ పైకి లేచేది కాదు. తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టిస్తానంటే కమిషన్ ఒప్పుకోలేదు. ఆ కోపం సొసైటీలో తిరిగే పొరుగాయన మీద చూపించాను. ఆయన మారుమాటాడకుండా స్క్రూడ్రైవర్ తెచ్చి, చట్రం పక్కనున్న చిన్న చెక్కమూత ఊడదీశారు. లోపల పోత ఇనుప గుండు ఒకటి, తెగిన నూలుతాడుతో అడుగున పడి ఉంది. కొత్త తాడు కప్పీ మీదుగా వేసి గుండుకు ముడి పెట్టాం. ఒక పూట పని. ఇప్పుడు మా ఏడేళ్ల పాప ఒంటిచేత్తో ఎత్తుతుంది.

పేట మిగిలిందే ఇలాంటివాళ్ల వల్ల. జర్మనీ నుంచి వలసవచ్చినవాళ్లు 19వ శతాబ్దంలో కట్టుకున్న ఇటుక ఇళ్లివి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మన్ అన్న పేరే నేరమైంది, పేటలోని షిల్లర్ పార్కు వాషింగ్టన్ పార్కయింది. 1950లకల్లా ఈ పేటను మురికివాడగా లెక్కగట్టి మూడో వంతు పడగొట్టారు. ఆ రోజుల్లోనే ఫ్రాంక్ ఫెచ్ అనే ఆయన ఇక్కడ ఓ పాత ఇల్లు కొని బాగుచేసి, ఇరుగుపొరుగును కూడగట్టారు. 1960లో సొసైటీ పుట్టింది. ఆ ఏడే తమ ఇళ్ల తలుపులు తెరిచి ఊరందరినీ లోపలికి పిలిచారు. అలా ఇళ్లు చూపించే ఆనవాయితీ నేటికీ ఉంది.

ఒక్క ఫిర్యాదుకు మాత్రం తలవంచుతాను. కూలిపనివాళ్లు కట్టిన ఈ పేటలో ఇవాళ కూలిపనివాళ్లు కొనగలిగే ఇల్లు లేదు. దాని మీద పోట్లాడండి, నేనూ వస్తాను. లేని అధికారాన్ని సొసైటీకి అంటగట్టి, కుర్రవాళ్లను బెదరగొట్టకండి.

ఆ జంట చూసిన ఇంటి ముందు అమ్మకం బోర్డు ఇంకా ఉంది. కమిషన్ సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఈసారి వాళ్లిద్దరినీ నేనే తీసుకెళ్తున్నాను. పెద్దాయన వస్తానంటే కారులో ఆయనకూ చోటుంది.