సరదాకే అన్నాడట!

ద్రౌపది నవ్వబట్టే కురుక్షేత్రం వచ్చిపడిందని మనవాళ్ళు ఎంత తేలిగ్గా అనేస్తారో! ఆడది ఒక్కసారి నవ్వితే అది యుగాలపాటు చెప్పుకునే నేరం. అదే మగవాడు నలుగురిలో ఎవరినైనా ఎద్దేవా చేస్తే మాత్రం "సరదాకి అన్నాడులెద్దూ, దానికే అంత ఇదైపోవాలా?" అంటారు. పెళ్ళిచూపుల్లో రంగు గురించి, అత్తవారింట్లో వంట గురించి, బస్సులో నడక గురించి... ఈ "సరదా" రుచి చూడనివాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు?

ఇప్పుడా సరదా మన పిల్లల ఫోన్లలోకి వచ్చి కూర్చుంది. ఎవరో ఒకతను వీడియో గేమ్ ఆడుతూ కేకలు పెడుతుంటాడు, జోకులేస్తుంటాడు. అతన్ని చూసి వీళ్ళు పగలబడి నవ్వుతుంటారు. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు చూడడమేమిటని మనకి వింతగా ఉంటుంది గానీ, క్రికెట్ చూసేవాళ్ళంతా బ్యాట్ పట్టినవాళ్ళా ఏమిటి? కాబట్టి చూడడం తప్పని నేననను. నా ప్రశ్న వేరే ఉంది.

ఈ తరహా వినోదానికి ప్రపంచంలో పెద్ద పేరు తెచ్చినవాడు స్వీడన్‌కి చెందిన ఫెలిక్స్ షెల్‌బెర్గ్. ప్యూడీపై అంటే పిల్లలకి వెంటనే తెలుస్తుంది. 2010లో యూట్యూబ్ ఛానల్ పెట్టాడు. ఆ తర్వాత చదువు మధ్యలో మానేసి, హాట్‌డాగ్‌లమ్మే బండి దగ్గర పనిచేస్తూ వీడియోలు చేశాడు. దెయ్యాల గేములు ఆడుతూ బెదిరిపోవడం, అరవడం, తనమీద తనే నవ్వుకోవడం... అంతే! 2013 నాటికి యూట్యూబ్‌లో అందరికంటే ఎక్కువ సబ్‌స్క్రైబర్లు అతనికే. 2019 ఆగస్టులో ఆ సంఖ్య పది కోట్లు దాటింది.

అన్ని కోట్లమంది ఎందుకు అతుక్కుపోయారంటే, అతను వేదికమీద నటుడిలా మాట్లాడలేదు. పక్కన కూర్చున్న అన్నయ్యలా మాట్లాడాడు. చూసేవాళ్ళని "బ్రో" అని పిలిచాడు. గదిలో ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోజూ వింటున్న పిల్లాడికి ఆ మనిషి సొంత మనిషే అయిపోతాడు. అతన్ని ఎవరైనా ఒక్క మాటంటే తననే అన్నట్టు రోషం వస్తుంది. అమ్మ చెప్పే మాటకి లేని బరువు అతని మాటకి రావడం అందుకే.

మరి ఆ మాటలెలా ఉండేవి? మొదట్లో అత్యాచారం మీద కూడా జోకులుండేవి. విమర్శలొచ్చాక, 2012లో ఇక అలాంటివి వేయనని ప్రకటించాడు. మంచిదే. కానీ 2017 జనవరిలో మన దేశానికి సంబంధించిన సంగతే ఒకటి జరిగింది. డబ్బిస్తే చిన్నచిన్న పనులు చేసిపెట్టేవాళ్ళు దొరికే ఫైవర్ అనే వెబ్‌సైట్‌లో, భారతదేశపు కుర్రాళ్ళిద్దరు ఎవరేం రాసిమ్మన్నా ఆ అట్ట పట్టుకుని నవ్వుతూ గంతులేసే వీడియోలు చేసేవారు. అతను వాళ్ళకి డబ్బిచ్చి, యూదులందరికీ చావు రావాలనే అర్థం వచ్చే మాట రాయించాడు. ఐదు డాలర్లకి మనుషులు ఏమైనా చేస్తారని చూపించడం తన ఉద్దేశమన్నాడు. ఆ మాటకి అర్థం తమకి తెలియదని ఆ కుర్రాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు. వాళ్ళ ఖాతా మూతపడింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఇదే కదా! అతనికీ నష్టం జరగకపోలేదు. డిస్నీ వారి సంస్థ అతనితో ఒప్పందం తెంచుకుంది. తన జోకులు బాధపెట్టాయని అతనూ ఒప్పుకున్నాడు. కానీ కోట్లు సంపాదించుకున్నవాడికి పోయిన ఒప్పందమూ, రోజు కూలీలాంటి ఆ పనికి పోయిన ఖాతా ఒకటేనా?

2018లో మన టీ-సిరీస్ సబ్‌స్క్రైబర్ల సంఖ్యలో అతన్ని దాటబోతుంటే, భారతీయుల ఇంగ్లీషుని వెక్కిరిస్తూ పాట కట్టాడు. అదీ సరదాకే! అభిమానులు దాన్ని యుద్ధం చేసేశారు. భారతీయుల్ని తిట్టిపోస్తుంటే అతనే వారించి, మన దేశంలో పిల్లల కోసం పనిచేసే క్రై సంస్థకి విరాళాలు పోగుచేశాడు. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అతని పాటలు రెండింటిని ఇక్కడ ఆపించింది. అంతకుముందు నెలలోనే న్యూజీలాండ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని పొట్టనబెట్టుకున్న హంతకుడు, కాల్పులకి ముందు "ప్యూడీపైకి సబ్‌స్క్రైబ్ చేయండి" అన్నాడు. ఆ ఘోరానికి ఇతను కారణమనడం అన్యాయం. తన పేరు ఆ నోట రావడం చూసి తల్లడిల్లి, తన కోసం సాగుతున్న ఆ నినాదాన్ని ఆపేయమని ఏప్రిల్ 28న అభిమానుల్ని కోరాడు. అయితే అతను చెప్పేదాకా ఆగనిది, అతను మొదలుపెట్టిన సరదా ఎంత దూరం వెళ్ళిందో చూశారా!

ఇతనొక్కడి సంగతి కాదిది. మన తెలుగులోనూ గేములు ఆడుతూ నవ్వించే కుర్రాళ్ళున్నారు. హాయిగా నవ్వించేవాళ్ళూ ఉన్నారు, ఓడిపోయినవాణ్ణి "ఆడదానిలా ఆడుతున్నావు" అనేవాళ్ళూ ఉన్నారు. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఆ మాటకి నవ్వుతుంటే, "ఇందులో నవ్వొచ్చేదేముందిరా?" అనడిగాను. "అదేం లేదమ్మా, సరదాకి" అన్నాడు. "చెల్లి బాగా ఆడుతుందిగా, మరి దాన్ని 'ఆడదానిలా' అంటే పొగిడినట్టా, తిట్టినట్టా?" అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. చెల్లెలు మాత్రం "పొగిడినట్టే!" అంది.

ఫోన్ లాక్కుంటే పక్కింట్లో చూస్తారు. అందుకే అప్పుడప్పుడు పక్కన కూర్చుని చూద్దాం. నవ్వొచ్చినచోట మనమూ నవ్వుదాం. నవ్వు రానిచోట "ఇందులో నవ్వులపాలయింది ఎవర్రా?" అని ఒక్క మాట అడుగుదాం. తనకంటే బలవంతుణ్ణి వెక్కిరిస్తే దానికి ధైర్యం కావాలి. తనమీద తను నవ్వుకుంటే దానికి మంచి మనసు కావాలి. నోరు లేనివాణ్ణి వెక్కిరించడానికి ఏమీ అక్కర్లేదు. ఈ తేడా పిల్లలకి చెబితే అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. "మీ అమ్మకేం తెలుసురా" అని భోజనాల దగ్గర ఆయన విసిరే జోకు కూడా పిల్లలు వింటూనే ఉంటారు. ఏ ఛానల్ కంటే ముందు చూసిన ఛానల్ మన ఇల్లే! అక్కడ మనం నవ్వి ఊరుకుంటే, బయట ఎవరేమన్నా వాళ్ళూ నవ్వి ఊరుకుంటారు. కాబట్టి ఈసారి ఆయన ఆ మాటంటే నవ్వకండి. "సరదాకే అన్నాను" అంటే, "నాకు సరదాగా లేదండీ" అని పిల్లల ముందే చెప్పండి.