ఉక్కకు లెక్క ఏది?



రోహిణి కార్తెలో ఒకనాటి మధ్యాహ్నం హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను చేసి, "ఇక్కడ 41 డిగ్రీలు నాన్నగారూ! మీకు 36 అని టీవీలో చూపిస్తున్నారు. మీరే అదృష్టవంతులు" అన్నాడు. అప్పుడు నేను అమలాపురం దగ్గర మా ఇంటి వీధి అరుగు మీద, ఒంటికి అంటుకుపోయిన బనీనుతో, తాటాకు విసనకర్ర చేతబట్టి కూర్చున్నాను. కరెంటు లేదు. కొబ్బరాకు కదలడం లేదు. ఆ అదృష్టమేమిటో నాకు బోధపడలేదు.

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్నది మా కోనసీమ. సముద్రం, కాలువలు, వరిచేలు, చెరువులు. ఎటు చూసినా నీరే. గాలి ఆ తడినంతా మోస్తూ ఉంటుంది. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! గాలే తడిసి ఉన్నప్పుడు చెమట కారుతుంది గాని ఆరదు. లోపలి వేడి లోపలే నిలిచిపోతుంది. మృగశిర ప్రవేశించి తొలకరి పడ్డాక కూడా జల్లుకూ జల్లుకూ మధ్య ఈ బాధ తప్పదు.

ఆ వారంలోనే మా తోటలో దింపుకు వచ్చిన మనిషి చెట్టు దిగి, పదడుగులు నడిచి కూలబడ్డాడు. నలభై ఏళ్ళ దృఢకాయుడు. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, విసిరి, తేరుకున్నాక ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చాము. ఆనాడు మా ఊళ్ళో వేడి 35 డిగ్రీలే. తీరప్రాంతంలో వడగాడ్పు అనాలంటే కనీసం 37 ఉండాలి, అదీ మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువై ఉండాలి. కనుక లెక్క ప్రకారం అతనికి ఏమీ కాకూడదు!

తుపానుకైతే పేరు పెడతారు, ముందుగా హెచ్చరిస్తారు. 1996 నవంబరు 6 నాటి రాత్రిని చూసిన మాకు ఆ హెచ్చరిక విలువ తెలుసు. ఉక్క మాత్రం చప్పుడు చేయకుండా వస్తుంది.

తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా ఆలోచన మాట దగ్గరే ఆగుతుంది. పిల్లలకు 'శీతోష్ణస్థితి' అని నేర్పాము. విగ్రహవాక్యం చెప్పి చూడండి: శీతమూ, ఉష్ణమూ, వాటి స్థితి. తడికి అందులో చోటే లేదు. పల్లెజనం మాత్రం ఎండ, వడ, ఉక్క అని మూడు బాధలకు మూడు మాటలు ఉంచుకున్నారు. చదువుకున్న మనమే మూడింటినీ ఒక్క అంకెలో కలిపేశాము.

2023 ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ వేడినీ తేమనూ కలిపి లెక్కగట్టే ఉష్ణసూచికను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. సంతోషం. అయితే అది దింపు మనిషి చెవికి చేరాలి. టీవీలో డిగ్రీల పక్కనే ఉక్క ఎంతో కూడా చెప్పాలి. తోటలోనూ చేలోనూ పనివేళలు దాన్నిబట్టి తెల్లవారుజాముకు జరగాలి. ఇది పనివాడిమీద దయ కాదు, పని చేయించుకునేవాడి ధర్మం.

మా అబ్బాయికి కూడా చెప్పాను: "ఈసారి ఎన్ని డిగ్రీలని కాదు నాయనా, ఉక్క ఎలా ఉందని అడుగు."