వేలి కొనంత నాచు మొక్క

ధ్యాన భాగములు: యోబు 38-42 అధ్యాయములు; మత్తయి 6:25-34; హబక్కూకు 3:17-19



శోధన వచ్చినప్పుడు మనిషి చూపు ఒక్కచోటనే నిలిచిపోతుంది. అప్పులో ఉన్నవానికి వడ్డీ లెక్క తప్ప మరేమీ కనబడదు. బిడ్డ జబ్బుతో పడుకొని ఉంటే తల్లికి ఆ మంచమే లోకం. చేతికొచ్చిన పంట నీటిపాలైన రైతు రాత్రంతా ఇంటి కప్పు వైపు చూస్తూ పడుకుంటాడు. ప్రార్థన చేద్దామని మోకాళ్లూనినా నోట మాట రాదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయే గాని లోపలికి దిగవు.

ఇట్టి వేళ దేవుడు తన బిడ్డలను ఏ విధంగా ఆదరిస్తాడు? పరిశుద్ధ గ్రంథంలో ఆయన అనేక మార్గములను వాడుకున్నాడు. వాటిలో ఒకటి మనం తరచు మరచిపోతాం. అదేమనగా, ఆయన తన బిడ్డను బయటికి పిలిచి, తాను చేసినవాటిని చూపించడం.

పిల్లలు లేరని కుమిలిపోతున్న అబ్రాహామును దేవుడు వెలుపలికి తీసుకొని వచ్చి, ఆకాశం వైపు తేరి చూడమన్నాడు (ఆది. 15:5). గుడారంలో కూర్చున్నంతసేపు అబ్రాహాముకు తన ముసలితనమే కనబడింది. బయటికి వచ్చాక లెక్కకు అందని నక్షత్రాలు కనబడ్డాయి. అతని వయస్సు మారలేదు, చూపు మాత్రం మారింది.

యోబు సంగతి ఇంకా లోతైనది. పది మంది బిడ్డలను, పశువులను, ఆరోగ్యాన్ని పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న ఆ భక్తునితో స్నేహితులు అధ్యాయాల తరబడి వాదించారు. ఒక్క మాటయినా అతని గాయానికి మందు కాలేదు. చివరకు దేవుడే మాట్లాడాడు. ఏమి మాట్లాడాడు? సముద్రపు హద్దులను గురించి, మంచు నిధులను గురించి, కొండమేకలు ఈనే కాలమును గురించి, ఆహారం కోసం అరిచే కాకి పిల్లలను గురించి అడిగాడు. "నాకెందుకు ఈ శ్రమ?" అన్న యోబు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పలేదు. అయినను యోబు మనస్సు నెమ్మది పొందింది. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. యోబు దేవుని ఎదుట తగ్గించుకొని నెమ్మది పొందింది 42వ అధ్యాయం మొదటి ఆరు వచనాలలోనే. పోయిన ఆస్తి తిరిగి వచ్చింది ఆ తరువాత, పదవ వచనంలో. సమాధానం ముందు వచ్చింది, సమృద్ధి వెనుక వచ్చింది.

రెండువందల ఏళ్లకు పూర్వం జరిగిన సంగతి ఒకటి వినండి. ముంగో పార్క్ స్కాట్లండు దేశపు వైద్యుడు. ఆఫ్రికాలోని నైజర్ నది ఎటు ప్రవహిస్తుందో తెలిసికొనుటకు 1795లో బయలుదేరాడు. 1796 జూలైలో ఆ నదిని కన్నులారా చూశాడు. తిరుగు ప్రయాణంలో, ఆగస్టు నెలలో, దొంగలు అడ్డగించి గుర్రాన్ని, బట్టలను, దిక్కులు చూపే పరికరాన్ని సైతం దోచుకున్నారు. పాత చొక్కా ఒకటి, లాగు ఒకటి, టోపీ మాత్రం మిగిలాయి. ముమ్మరమైన వానాకాలం. ఒంటరివాడు. చుట్టూ క్రూరమృగములున్న అడవి. తన దేశస్థులుండే చోటు అక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం. ఇక పడుకొని చనిపోవడం తప్ప మార్గం లేదనుకొని కూలబడ్డాడు.

ఆ సమయంలో అతని కన్ను ఒక చిన్న నాచు మొక్క మీద పడింది. అది వేలి కొనంత కూడా లేదు. దాని సన్నని ఆకులను, విత్తనపు కాయవంటి దానిని చూస్తూ ఆశ్చర్యపడ్డాడు. ఎవరూ చూడని ఈ మూల ఇంత చిన్నదానిని నాటి, నీరు పోసి, ఇంత అందంగా పెంచిన దేవుడు, తన స్వరూపమందు చేసిన మనిషి శ్రమను చూడకుండా ఉంటాడా అని తలంచాడు. లేచాడు. ఆకలిని, అలసటను లెక్కచేయక నడిచాడు. కొద్ది దూరంలోనే ఒక చిన్న ఊరు కనబడింది. ఈ సంగతిని 1799లో అచ్చయిన తన ప్రయాణ గ్రంథంలో అతడే వ్రాశాడు.

నాచు మనకు క్రొత్తది కాదు. నూతి గోడల మీద, పాత పెంకుల మీద వానాకాలంలో పచ్చగా మొలిచేది అదే. ఎండాకాలంలో ఎండి, చచ్చినట్లే ఉంటుంది. తొలకరి చినుకు పడగానే మళ్లీ పచ్చనవుతుంది. దానిని ఎవరూ విత్తరు, ఎవరూ నీరు కట్టరు.

ప్రభువు కూడా కొండమీద ఈ పాఠమే చెప్పాడు. వింటున్నవారు ధనవంతులు కారు. చాలామంది రోమా పన్నుల క్రింద నలిగిన పల్లె ప్రజలు. వారితో ఆయన ఆకాశ పక్షులను చూడమన్నాడు, అడవి పువ్వులను గూర్చి ఆలోచించమన్నాడు. ఇవి ఆయన ఇచ్చిన ఆజ్ఞలు. తీరిక ఉన్నవారికే గాక, చింతలో ఉన్నవారికి ఇచ్చిన ఆజ్ఞలు.

అయితే ప్రియులారా, ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రకృతి మన రక్షకుడు కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెనై వచ్చినది, అంతకు ముందురోజు వరకు జాలరులకు అన్నం పెట్టిన సముద్రమే. వేలాది ప్రాణములు పోయాయి. పొలాలు ఉప్పునీటిలో మునిగాయి. చెట్టును, చేనును చూసి మాత్రమే సమాధానపడేవాడు అవి పోయిన దినమున ఏమి చేస్తాడు? హబక్కూకు ప్రవక్త దానికి జవాబు చెప్పాడు. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా తాను యెహోవాయందు ఆనందిస్తానన్నాడు. సృష్టి కిటికీ వంటిది. కిటికీ మూసుకుపోయినా బయట సూర్యుడు ఉన్నట్లే, చేను పోయినా చేనుకు ప్రభువు ఉన్నాడు. ఆయన ప్రేమ ఎంతటిదో పువ్వు కొంతవరకే చెప్పగలదు, పూర్తిగా చెప్పేది సిలువ మాత్రమే.

నాచు మొక్కను చూసినంత మాత్రాన ముంగో పార్క్ శ్రమలు తీరిపోలేదు. తరువాత జ్వరంతో నెలల తరబడి పరాయి ఊరిలో, ఒక ఆఫ్రికా దేశస్థుని ఆదరణలో ఉండవలసి వచ్చింది. అయితే ఆ దినమున లేచి నడవడానికి కావలసిన బలం అతనికి దొరికింది. దేవుడు సాధారణంగా ఏ దినానికి కావలసిన బలం ఆ దినానికే ఇస్తాడు.

కాబట్టి ఈ నెలలో ఒక చిన్న పని చేయండి. తెల్లవారుజామున ఇంటి చాకిరీ మొదలుకాక ముందు పది నిమిషాలు బయటికి రండి. పొలం గట్టు మీదనో, చెరువు ఒడ్డునో, పెరటిలో మునగచెట్టు క్రిందనో నిలబడండి. దేవుడు చేసినదానిని ఒక్కదానిని శ్రద్ధగా చూడండి. అది గడ్డిపరక మీది మంచుబిందువు కావచ్చు, బియ్యపు నూకలకు వచ్చిన పిచ్చుక కావచ్చు. తరువాత 104వ కీర్తనలో కొన్ని వచనాలు చదవండి. మాటలు రాకపోతే మౌనంగా ఉండండి, ఆయన మౌనాన్ని కూడా వింటాడు. మంచం పట్టినవారు ఇంట ఉంటే వారి మంచాన్ని ఆకాశం కనబడే చోటికి జరపండి. అప్పు, జబ్బు, దుఃఖం మోస్తున్న పొరుగువారుంటే వారికి ఉపదేశాలు చెప్పక, వారి ప్రక్కన నడవండి. సలహా అవసరమైన చోట సలహా, వైద్యం అవసరమైన చోట వైద్యం చేయించండి. అవి కూడా దేవుడు ఇచ్చిన మార్గములే.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా కన్నులు మా కష్టాన్నే చూసి అలసిపోయాయి. వేలి కొనంత మొక్కను మరువని నీవు మమ్మును మరువవని నమ్ముటకు సహాయం చేయుము. మా చేను పండినను, పండకపోయినను నీయందు నిలిచే సమాధానమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.