మందు పనిచేయలేదా, చేరనేలేదా?

గత సంచికలో గుండెకు జన్యు చికిత్సపై వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ‘ఇది గుండెకు పనికిరాదని తేలిపోయింది’ అన్న ముగింపుతో మాత్రం ఏకీభవించలేను.

వ్యాసకర్త చూపిన ఆధారం క్యుపిడ్-2 ప్రయోగం. గుండె వైఫల్యంతో బాధపడుతున్న 250 మందిపై జరిగిన దీని ఫలితాలు 2015లో వెలువడ్డాయి. గుండె కణాల్లో కాల్షియం కదలికను చక్కదిద్దే సెర్కా2ఎ జన్యువును, జబ్బు కలిగించని వైరస్‌లో అమర్చి కరోనరీ ధమనుల్లోకి ఎక్కించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే మేలు కనబడలేదన్నది నిజమే. కానీ తర్వాత కొందరి గుండె కండరాన్ని పరీక్షిస్తే, అక్కడికి చేరిన వైరస్ డీఎన్‌ఏ అత్యల్పమని తేలింది. విత్తనం పొలానికే చేరనప్పుడు మొలకెత్తలేదని విత్తనాన్ని నిందించగలమా?

గుండెను బాగుచేయడానికి ఎక్కించే మూలకణాలకూ ఇదే చిక్కు. గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. ఆ ఉరవడిలో, ఎక్కించిన కణాల్లో అధికభాగం గంటల్లోనే కొట్టుకుపోతుంది. అందుకే కాథెటర్‌తో నేరుగా కండరంలోకి సూది వేయడం, సిరల దారిన ఎదురుగా పంపడం, కణాలను పలుచని పొరగా గుండెపై అతికించడం వంటి మార్గాలను శాస్త్రవేత్తలు పరీక్షిస్తున్నారు.

అలాగని, మూలకణాలతో గుండె బాగుచేస్తామనే ప్రకటనలను నమ్మి రోగులు డబ్బు పోగొట్టుకోవద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో ఇలాంటి చికిత్స అనుమతి పొందిన ప్రయోగాల్లోనే జరగాలి. ఆశ వదులుకోవద్దు, తొందరపడవద్దు.

– ఒక పాఠకురాలు, తెనాలి