చేతిలో ఫోను, కోర్టులో సాక్ష్యము

పూర్వము మన వూళ్లో ఆలుమగల తగవు చాలావరకు చావడి దాటి పోయేది కాదు. పెద్దలు కూర్చొని, యిటు నాలుగు మాటలు అటు నాలుగు మాటలు విని సర్దేవారు. కోపములో అన్న మాట గాలిలో కలిసిపోయేది. యిప్పుడు తగవు శ్రీవిల్లిపుత్తూరు కోర్టుకు వెళ్లినా, మధురై హైకోర్టుకు వెళ్లినా, మనిషికన్న ముందు ఫోను వెళుతున్నది. అర్ధరాత్రి వాట్సాపులో పంపినది, ఫేస్‌బుక్కులో గొప్పకు పెట్టినది, అన్నీ కాగితాలై వకీలుగారి కట్టలో చేరుతున్నవి.

మానసికముగా హింసించుటకు ఒకే కప్పు క్రింద వుండనక్కరలేదని 2013లో, ఆంధ్రదేశము నుండి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. దూరాన వుండి అసభ్యమైన వుత్తరాలు, నోటీసులు పంపినా అది క్రూరత్వమే కావచ్చును. హిందూ వివాహ చట్టము 13వ సెక్షను ప్రకారము క్రూరత్వము విడాకులకు ఒక కారణము. వుత్తరము సంగతే అట్లాగైతే, నూరుమంది బంధువులు చూచే గ్రూపులో పెట్టిన నింద సంగతి వేరే చెప్పవలెనా?

మనోవర్తి విషయమూ అంతే. 2020 నవంబరులో సుప్రీంకోర్టు యిచ్చిన తీర్పు ప్రకారము యిరుపక్షాలవారూ తమ ఆస్తులు, ఆదాయము, అప్పులు ప్రమాణపత్రములో చూపవలెను. చేతిలో పైసా లేదని అందులో వ్రాసి, ఆ వారమే కొత్త కారుకు కుంకుమ పెట్టిన ఫోటోను ఇన్‌స్టాగ్రాములో వేసే మహానుభావులున్నారు. ఎదుటి వకీలుకు శ్రమ తగ్గించుటలో వీరిని మించినవారు లేరు.

అయితే ఎదుటివారి ఫోను తెరచి తీసినదెల్లా సాక్ష్యమవుతుందా? యిక్కడ కోర్టులు ఒక్క మాటమీద లేవు. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడినది భర్త చాటుగా రికార్డు చేస్తే చెల్లదని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అన్నది. మనకు దగ్గరలోనే, పరమకుడి కోర్టులో, ఒక భర్త భార్య ఫోను కాల్ వివరాలను దాఖలు చేశాడు. 2024 అక్టోబరు 30న మధురైలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్‌గారు వాటిని తోసివేసి, పెండ్లి అయినంత మాత్రాన ఒకరి గుట్టు మరొకరిది కాదని తీర్పు చెప్పారు. 2025 జూలై 14న, పంజాబు నుండి వెళ్లిన కేసులో, భార్యతో తాను మాట్లాడినది ఆమెకు తెలియకుండ భర్త రికార్డు చేసినా విడాకుల కేసులో చూడవచ్చునని సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఒకరిపై ఒకరు నిఘా పెట్టుకొనేదాకా వస్తే ఆ కాపురము అప్పటికే చెడినదనీ అన్నది.

దీనిని విని, యిక ఏమి చేసినా అడిగేవారు లేరనుకొనేవారున్నారు. నాకట్లు తోచదు. తనతో ఆడిన మాటను దాచుకొనుట వేరు, ఆడపిల్ల పుట్టింటివారితో చెప్పుకొన్న కష్టాన్ని దొంగిలించుట వేరు. దురుద్దేశముతో, అనుమతి లేక మరొకరి ఫోనులోని వివరాలు లాగుట సమాచార సాంకేతిక చట్టము క్రింద మూడేండ్లదాకా శిక్ష పడగల నేరము కూడ.

తెచ్చిన కాగితము వూరక చెల్లదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ధ్రువపత్రము జతచేయవలెను. అందులో ఒక భాగము దాఖలు చేసేవారు, రెండవ భాగము నిపుణుడు పూర్తిచేయవలెను. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టము ఆ కోర్టులకు కొంత వెసులుబాటు యిచ్చిన మాట నిజమే. దానిని నమ్ముకొని అసలు ఫోనును అమ్మివేయరాదు. కేసు పడినాక భయపడి అన్నీ చెరిపివేయుట యింకా చెడ్డది. సాక్ష్యము కోర్టుకు అందకుండ చేయుట మరొక నేరమవుతుంది.

మన తెలుగువారికి యింకొక చిక్కున్నది. మన యిండ్ల మెసేజీలు సగము తెలుగు, సగము తమిళము, అదీ ఇంగ్లీషు అక్షరాలలో. కోర్టులో తమిళమో ఇంగ్లీషో అనువాదము వేయవలెను. అమ్మమ్మ మురిపెముగా “నీ దుంప తెగ” అన్నదానిని మాటకు మాటగా తమిళములో పెట్టి చూడండి! నవ్వుతూ అన్నదని కాగితము చెప్పదు. కనుక అనువాదము దాఖలు కాకముందే మన యింటి తెలుగు తెలిసినవారొకరు వకీలుగారి దగ్గర కూర్చొని, వాయిస్ మెసేజి వినిపించి, ప్రతి మాటా సరిచూడవలెను. ఒకసారి ఫైలులో చేరిన తప్పు మాటను దిద్దించుటకు మరొక పిటిషను, మరొక వాయిదా.