నలుగురం చూసిన చైనా సినిమా

పోయిన దసరా సెలవులకు మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఉప్పునుంతలకు వస్తూ లాప్‌టాప్‌లో ఒక చైనా సినిమా తెచ్చింది. "చైనా సినిమా అంటే తన్నుకునుడేనా?" అంది పక్కింటి వదిన. కాదట, ప్రేమకథట. సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు, మిగిలిన సత్తుపిండి డబ్బా మధ్యలో పెట్టుకుని, అత్తమ్మతో కలిపి నలుగురం కూర్చున్నాం. కింద ఇంగ్లీషులో పడే మాటలను అమ్మాయి తెలుగులో చెబుతూ ఉంటే విన్నాం.

సినిమా పేరు 'ది రోడ్ హోమ్'. చైనా భాషలో పెట్టిన పేరుకు 'మా నాన్న, అమ్మ' అని అర్థం. జాంగ్ యిమౌ 1999లో తీశాడు. 2000లో బెర్లిన్ చిత్రోత్సవంలో సిల్వర్ బేర్ బహుమతి వచ్చింది. కథానాయిక జాంగ్ జియికి అదే మొదటి సినిమా.

తండ్రి పోయాడని పట్నంలో ఉన్న కొడుకు పల్లెకు వస్తాడు. ఆ తండ్రి ఊరి బడిపంతులు. శవాన్ని ట్రాక్టరు మీద తెద్దామంటే తల్లి ఒప్పుకోదు, మనుషులు మోసుకుంటూ నడిచే రావాలంటుంది. పోయినవాళ్ళు ఇంటి దారి మరచిపోకూడదని అక్కడి ఆచారం. ఇదంతా నలుపు తెలుపుల్లోనే. కొడుకు తన తల్లిదండ్రుల పాత సంగతి ఎత్తుకోగానే బొమ్మ రంగుల్లోకి మారుతుంది.

ఆ రంగుల్లో ఉన్నది పద్దెనిమిదేళ్ళ జావో డి. ఊరికి కొత్తగా వచ్చిన పంతులంటే ఆమెకు ఇష్టం. దగ్గరి బావి వదిలేసి బడి దగ్గరి పాత బావికి నీళ్ళకు పోతుంది. బడి కట్టే మగవాళ్ళకు ఇంటికొక గిన్నె వంట పంపితే, తన నీలిపూల గిన్నె అతని చేతికే అందాలని చూస్తుంది. మన దగ్గర వెనకటికి పిల్లలు వారాలు చేసుకుని చదివినట్టు, అక్కడ పంతులే రోజుకొక ఇంట్లో తింటాడు. ఆమె ఇంటి వంతు వస్తుంది. ఇక చూడండి ఆ పిల్ల వంట సంబరం! సాయంత్రం పుట్టగొడుగులు కూరిన కుడుములకు వస్తానన్నవాణ్ణి ఏవో ప్రశ్నలడగాలని పట్నానికి పట్టుకుపోతారు. చైనాలో చదువుకున్నవాళ్ళను అనుమానించిన రోజులవి. సినిమా ఆ మాట విడమరిచి చెప్పదు. ఆమె గిన్నె మూటకట్టుకుని బండి వెంట గుట్టల మీద పరుగెత్తి, పడిపోతుంది. గిన్నె ముక్కలవుతుంది. తర్వాత మంచులో నిలబడి ఎదురుచూసి జ్వరం తెచ్చుకుంటుంది.

ఇక్కడికి వదిన కొంగు తడిసిపోయింది. "ఒక్క ముచ్చట గూడ సక్కగ మాట్లాడుకోలే, అయినా ఎంత పానం పెట్టుకుంది!" అంది.

అమ్మాయికి కోపం వచ్చింది. సినిమా తెచ్చింది తనే, తప్పులు పట్టేదీ తనే! "ఆ పిల్లకు వేరే కోరికే లేదా? ఎప్పుడు చూసినా అతని కోసం ఉరుకుడే. ఎదురుచూసే ఆడదాన్ని ఎర్ర కోటు తొడిగి అందంగా చూపిస్తే అందరికీ నచ్చుతుంది" అంది. హాస్టల్లో దాని స్నేహితురాళ్ళు కూడా ఇలాగే రెండు జట్లయి పోట్లాడుకున్నారట.

నాకు ఇద్దరి మాటలోనూ కొంత నిజం కనిపించింది. అయితే ఒకటి గమనించండి. ఆ రంగుల కథ చెబుతున్నది కొడుకు. అప్పటికి వాడు పుట్టనే లేదు. ఊళ్ళో నలుగురూ చెప్పుకోగా విన్నది వాడు మనకు చెబుతున్నాడు. ముసలి తల్లి తన నోటితో ఆ కథ చెప్పనే చెప్పదు. పాత మగ్గం మీద కూర్చుని శవపేటిక మీద కప్పే గుడ్డ నేస్తుంది, అంతే. ఆమెను అడిగితే ఇంత అందంగా చెప్పేదో లేదో.

అదే మాట పైకి అన్నాను. అంతసేపూ ఉలకని పలకని అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది.

"గా పిల్లకు ఎదురుచూసుడు ఒక్కటే పని. నాకు గట్లనా? మీ మామ గుంపు మేస్త్రీ ఎంబడి బొంబాయి దిక్కు పోయిననాడు ఇంట్ల ఇద్దరు పిల్లలు. కలుపుకు పోవాలె, నీళ్ళు తేవాలె. రాత్రి పండుకున్నంక యాదికొచ్చేటోడు. ఉత్తరం ఒస్తె బడి సారు తోని సదివించుకునేదాన్ని. పరాయి మొగోని ముంగట ఏడుస్తరా? ఇని, కొంగున కట్టుకోని, ఇంటికొచ్చేదాన్ని."

పాలమూరు కూలీలు ఆనకట్టలు, కాలువలు కట్టడానికి దేశమంతా తిరిగారని మనకందరికీ తెలిసిందే. పోయినవాళ్ళ గురించి పాటలున్నాయి, వ్యాసాలున్నాయి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్ళయింది. ఇంట్లో ఉండిపోయిన ఈవిడను ఒక్కసారైనా అడిగానా? మామయ్య కష్టం మాత్రం వందసార్లు విన్నాను.

"మరి నీకు సినిమా నచ్చలేదా నాయినమ్మా?" అంది అమ్మాయి.

"నచ్చకేంది? శవాన్ని మోసెటందుకు వందకు మీద మంది ఒచ్చిరి, పైస గూడ ముట్టకపాయిరి. సారంటె గట్లుండాలె" అంది. వచ్చినవాళ్ళంతా ఆ పంతులు దగ్గర చదువుకున్నవాళ్ళే మరి. ఆ మంచు దారిలో వాళ్ళు పేటిక మోసుకొస్తున్నప్పుడు అత్తమ్మ కళ్ళు తుడుచుకోవడం నేనూ చూశాను. వదిన ఏడిస్తే అందరికీ వినిపిస్తుంది, ఈవిడ ఏడిస్తే పక్కన కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇంతకీ ఆ నీలిపూల గిన్నె ఏమయిందో చెప్పలేదు కదూ. గిన్నెలు బాగుచేసేవాడొకడు ఊళ్ళోకి వస్తే, కళ్ళు కనపడని తల్లి ఆ ముక్కలు తీసి అతనికిస్తుంది. ఆ ఖర్చుకు కొత్తది వస్తుందని అతనన్నా వినకుండా కుట్లు వేయిస్తుంది. కూతురికి చెప్పకుండా పెట్టిన చోటే పెట్టేస్తుంది.

మర్నాడు పొద్దున అమ్మాయి బట్టలు సర్దుకుంటుంటే అత్తమ్మ పిలిచింది. "బిడ్డా, బస్సుకు ఇంక యాళ్ళున్నది గద. గా గిన్నె అతికెటోడు ఒచ్చె కాడికి పెట్టు, మల్లొకసారి చూస్త."